మూడోసారి పిలవని పేరు

థోరికోస్,
ద్రాక్ష కోతలు ముగిసిన నాలుగో రోజు

అక్కా,

మన కొండలో పదకొండు మందిని చంపినవాడు ఎపిగెనెస్. ముందు ఈ మాట రాశాకే నీ ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నాను, ఏమీ అనుకోకు.

ఊరంతా "కొండ కూలింది" అంటోంది. కొండ తనంతట తాను కూలుతుందా? సొరంగం పైకప్పు మోయడానికి తాతల నాడు వదిలిన రాతిస్తంభాలున్నాయి చూడు, వాటిలో వెండి ఎక్కువని కొట్టించాడు. గని వాడిది, అత్యాశ వాడిది, ప్రాణాలు మనవాళ్ళవి. స్తంభం కొట్టించినవాడికి మరణశిక్ష అని ఏథెన్స్ చట్టం. నేను నాలుగేళ్ళుగా ముడిరాయి కడిగే అరుగు మీద పనిచేస్తున్నాను, నా కళ్ళు కప్పలేడు. ఆఖరి రోజు పైకొచ్చిన గంపల్లో రాళ్ళకి ఒక పక్కన దీపపు మసి ఉంది. కొత్తగా తవ్విన రాయికి మసి ఎక్కణ్ణుంచి వస్తుంది? మనవాళ్ళు ఏళ్ళ తరబడి దీపాలు ఆనించిన స్తంభం అది! ఊరిపెద్దతో చెబితే "ఏవీ ఆ రాళ్ళు, చూపించు" అన్నాడు. అప్పటికే అవి కొలిమిలో కరిగిపోయాయి. ఎపిగెనెస్ ఆజ్ఞ ఇస్తుంటే విన్నవాళ్ళు పదకొండు మందీ కొండ కిందే ఉన్నారు. నీ మొగుడు, మా బావ దోర్కోన్ కూడా.

ఇక్కడి కచేరీలో కుదరకపోతే పాతాళంలో కుదురుతుంది. గాడిద మీద పుస్తకాల చుట్టలు వేసుకుని ఊరూరా తిరిగే పూజారి దగ్గర కొన్నాను కదా, వాటిలో అంతా ఉంది. ఎవణ్ణి మండే చక్రానికి కడతారో, ఎవడు చిల్లుల కుండతో నీళ్ళు మోస్తాడో, ఎవడు గడ్డం దాకా నీళ్ళలో నిలబడి కూడా దాహంతో అల్లాడతాడో. వయసు తీరకుండా పోయినవాడి చేతికి ఉత్తరమిస్తే కింది దేవతలకి తొందరగా అందుతుందట. అందుకని సీసపు రేకు మీద ఎపిగెనెస్ పేరు తిరగేసి గీసి, మేకు దిగగొట్టి, బావ సమాధిలో పూడ్చాను. శవం లేని సమాధే అనుకో. అయినా పేరు పిలిచి కట్టిన సమాధి.

ఇంకో సంగతి. రాయకుండా ఉండలేకపోతున్నాను. ముప్పయ్యో రోజున సమాధి మీద తేనె రొట్టె పెట్టి పాలు పోసి వచ్చాను. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళి చూస్తే రొట్టె సగమే ఉంది. కాకి పొడిచింది కాదు, కుక్క కొరికింది కాదు. మనిషి పళ్ళ వరుస. పై వరుసలో ముందు పన్ను చోటు ఖాళీ.

బావకి అక్కడే కదా పన్ను లేనిది?

లికిస్కోస్


ఎలూసిస్,
అత్తిపళ్ళు ఎండబెట్టే రోజులు

ఒరేయ్ లికిస్కోస్,

సీసపు రేకు మీద రాసి నాకు పంపిస్తావా? సీసం మీద రాసేది చచ్చినవాళ్ళకి. పెద్దనాన్న దాన్ని పట్టకారుతో పట్టుకుని వాకిలి దాటించి, ఇల్లంతా సముద్రపు నీళ్ళు చల్లించాడు. పెద్దమ్మ మూడు రోజులు నా పక్కన కూర్చుని తినలేదు. నేను బతికే ఉన్నానురా. మైనపు పలక మీద రాయి. లేకపోతే కుండపెంకు మీద గీకు.

ఇక్కడ నాకేం లోటు లేదు. సమాధి మీద పెట్టడానికి కోసిన జుట్టు ఇంకా చెవుల దాకా రాలేదు. నూలు వడుకుతాను, పెట్టింది తింటాను. పెద్దనాన్న ఏవో మాటలు నడుపుతున్నాడు, తేలాక రాస్తాను.

పన్ను లేనివాళ్ళు ఆ కొండ మీద వందమంది ఉంటారు. ఆకలేసినవాడెవడో తిన్నాడు. తిననీ. నువ్వు మాత్రం చచ్చినవాళ్ళకి పనులు పురమాయించడం మానెయ్. బతికున్నప్పుడు వాళ్ళకి పని తక్కువైందా?

ఒక్కటి అడుగుతాను. ఈమధ్య గని బావి దగ్గర నేల మీద చెవి పెట్టి చూశావా?

వద్దు, పెట్టకు. ఊరికే అడిగాను.

మెలిన్న


థోరికోస్,
మొదటి వాన పడిన మర్నాడు

అక్కా,

కూర్చుని చదువు. బావ వచ్చాడు.

మొన్న మిట్టమధ్యాహ్నం సమాధుల దారిలో వెళ్తున్నాను. గొర్రెల కాపరులు కూడా నీడకి చేరే వేళ అది. నా నీడ నా కాళ్ళ కిందే ముడుచుకుని ఉంది. కీచురాళ్ళ రొద ఉన్నట్టుండి ఆగిపోయింది. బావ తన సమాధి రాయికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఒళ్ళంతా రాతిపిండి, కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. వేలి కణుపుతో రాయి మీద తడుతున్నాడు. మూడు, ఆగి, రెండు. గనిలో "మేం ఇక్కడున్నాం" అని చెప్పే గుర్తు.

చుట్టల్లో బట్టీ పట్టిన మాటల్లో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.

"ఏం బావమరిదీ, ఇంత సన్నగా గీకితే ఎలా చదువుతార్రా?" అన్నాడు. చేతిలో నా సీసపు రేకు. మేకు ఊడబీకి పక్కన పెట్టుకున్నాడు.

"బావా, నువ్వు..."

"వాడి నాలుక కట్టమన్నావు. కాళ్ళు కట్టమన్నావు. పేగులు కూడా కట్టమన్నావు. నా ఒక్కడిచేత ఎన్ని పనులు చేయిస్తావురా? ఎపిగెనెస్సే నయం, గంప నిండితే వదిలేసేవాడు."

నవ్వాడు. ఆ పన్ను చోటు నల్లగా కనిపించింది. రేకు నా వైపు తోశాడు.

"తీసుకో. అక్కడ దీన్ని ఇవ్వడానికి ఎవ్వరూ దొరకలేదు."

చెయ్యి పట్టుకోబోయాను. చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "ముట్టుకోకు. నేనెవరో నాకే ఇంకా సరిగ్గా తెలీదు."

కొండ అవతలి వైపు పాడుబడ్డ బావిలోంచి పైకి పాకాడట. ఏ రోజో తెలీదు. ఇంటికి వెళితే గుమ్మానికి చావింటి గుర్తుగా సైప్రెస్ కొమ్మ కట్టి ఉంది, ముందు మైల నీళ్ళ కుండ ఉంది. నువ్వు అప్పటికే ఎలూసిస్ వెళ్ళిపోయావు. పక్కింటివాళ్ళు చూసి కేకలు పెట్టి రాళ్ళు విసిరారు. తన ఇంటి తలుపు తనే తట్టి, ఎవరూ తీయక, చివరికి తన పేరున్న చోటు అదొక్కటే కదా అని సమాధి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మనం పెట్టిన రొట్టెలే తింటున్నాడు.

నేను ఊరిపెద్ద దగ్గరికి పరిగెత్తాను. "సాక్షి దొరికాడు!" అన్నాను. ఎపిగెనెస్ అక్కడే ఉన్నాడు.

"దయ్యాలు కూడా నా మీద ఫిర్యాదు చేస్తాయా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఊరిపెద్ద మాత్రం నవ్వలేదు. "పేరు పిలిచారు, సమాధి కట్టారు, నేను పట్టికలో పేరు కొట్టేశాను. వాడు ఊపిరి పీల్చినా సరే, పీల్చకపోయినా సరే, గుడి మెట్లెక్కకూడదు, ఎవరి పొయ్యి దగ్గరా కూర్చోకూడదు, కచేరీలో నోరు విప్పకూడదు. మళ్ళీ పుడితే తప్ప."

దానికి దారి ఉందట, డెల్ఫీ దేవుడు ఎప్పుడో చెప్పిందే. బిడ్డకి చేసినట్టు ఆడవాళ్ళు నీళ్ళు పోసి, పొత్తిగుడ్డల్లో చుట్టి, రొమ్ముకి తాకించాలి. అప్పుడు మనిషి. అప్పుడు సాక్షి. ఈ ఊళ్ళో ఏ ఆడదీ ముందుకు రావడం లేదు.

నువ్వు రా అక్కా. వెంటనే రా.

లికిస్కోస్


ఎలూసిస్,
దుక్కులు మొదలైన రోజు

తమ్ముడూ,

రాను.

నేను నా జుట్టు కోసి ఇచ్చినవాడు చచ్చిపోయాడు. ఈ మాట నాకు నేను రోజుకి వందసార్లు చెప్పుకుంటేగానీ ముద్ద దిగడం లేదు. ఇప్పుడు కాదంటావా?

పెద్దనాన్న నడిపే మాటలు తేలాయి. ఇక్కడ రేవులో ధాన్యం కొట్లున్న ఒకాయన, భార్య పోయింది, నెమ్మదస్తుడు. చలికాలం నడుమ పెళ్ళిళ్ళ నెలలో ముహూర్తం. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అనమని నన్నెవరూ అడగలేదు కూడా.

ఆకలిగొన్నవాళ్ళు, పిచ్చివాళ్ళు, చచ్చినవాళ్ళ మొహాలు పెట్టుకుని వచ్చేవాళ్ళు, అన్ని రకాలూ ఉంటారు. నువ్వేమో ఎవడు ఏ చుట్ట చదివినా నమ్మే రకం. కాబట్టి వాణ్ణి ఒక్కటి అడుగు. కొండ కూలిన రోజు పొద్దున, నేను తిండిసంచిలో ఏం పెట్టి పంపాను?

బార్లీ రొట్టె అంటే వాడు మోసగాడు. ఉల్లిపాయలు, ఆలివ్‌లు, ఏం చెప్పినా మోసగాడే. అంతకన్నా నీకు చెప్పను.

మెలిన్న


థోరికోస్,
ఆలివ్ కాయలు దులిపే రోజులు

అక్కా,

అడిగాను.

"ఏమీ పెట్టలేదు. తెల్లారితే స్తంభాలు కొట్టాలని ముందురోజే ఎపిగెనెస్ చెప్పి పంపాడు. నేనింటికొచ్చి చెప్పా. 'రేపు వెళ్ళకు' అంది. 'నేను వెళ్ళకపోతే పని తెలీని కుర్రాళ్ళని దించుతాడు, వెళ్ళి ఆపుతా' అన్నా. పోట్లాడుకున్నాం. పొద్దున ఖాళీ సంచి నా మొహాన కొట్టి తలుపేసింది."

ఇది నిజమా అక్కా? స్తంభాల సంగతి నీకు ముందే తెలుసా? ఆడవాళ్ళ మాట కచేరీ వినదు, సరే. నాకైనా ఎందుకు చెప్పలేదు?

తర్వాత నేనే అడిగాను, ఆగలేక. "బావా, కింద ఎవరెవర్ని చూశావు? రాయి దొర్లించేవాణ్ణి చూశావా? నీళ్ళలో నిలబడ్డవాణ్ణి? న్యాయాధిపతులు ముగ్గురూ ఉన్నారా?"

"రాళ్ళు దొర్లించేవాళ్ళు ఉన్నారు, పదకొండు మందిమి. గడ్డం కింద నీళ్ళుండీ తాగలేకపోయినవాళ్ళూ మేమే, ఆ నీళ్ళలో రాగి చిలుము. నీ పుస్తకంలో శిక్షలని రాసినవన్నీ మేం రోజుకూలికి చేసే పనులేరా. న్యాయాధిపతులు మాత్రం కనబడలేదు. మమ్మల్ని ఎవ్వరూ ఏమీ అడగలేదు."

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. కొండ కూలాక పదకొండు మందీ బతికే ఉన్నారు. ముసలి సోతాస్ కాలు నలిగింది, అంతే. గాలిబిలం పూర్తిగా మూసుకుపోలేదు. దీపపు నూనె తాగారు. వంతులు వేసుకుని సుత్తితో తట్టారు. మూడు, ఆగి, రెండు. ఎనిమిది రోజులు.

తొమ్మిదో రోజు పైనుంచి గొంతులు వినబడ్డాయి. వచ్చారనుకుని కౌగిలించుకున్నారట. తర్వాత మాటలు తెలిశాయి. పేర్లు పిలుస్తున్నారు. ఒక్కొక్క పేరూ మూడేసిసార్లు. దూరదేశంలో పోయినవాడి ఆత్మని ఇంటికి పిలిచి సాగనంపే పిలుపు.

"సోతాస్ పేరు మూడోసారి పిలవగానే ముసలాడు సుత్తి కింద పెట్టేశాడు. 'అయిపోయిందిరా, మనల్ని పంపేశారు' అన్నాడు. దీపం ఊదేశాడు. చచ్చినవాళ్ళకి దీపమెందుకన్నాడు. ఒక్కొక్కడి పేరూ మూడోసారి వినబడగానే ఒక్కొక్క సుత్తి ఆగింది. నేను అరిచా, కొట్టా, ఎవడూ కదల్లేదు. పడుకున్నారు. ఒళ్ళు చల్లబడకముందే చచ్చినవాళ్ళలా పడుకున్నారు."

"మరి నువ్వు?"

"నా పేరు రెండుసార్లే వినబడింది. మూడోది వచ్చేదాకా చావకూడదు కదా అని కూర్చున్నా. రాలేదు. ఇక అటు వెళ్ళే వీల్లేదని గాలి వచ్చే వైపు పాకా." ఆ మీదట అన్నాడు, "మీ అక్కని అడుగు, మూడోసారి ఎందుకు పిలవలేదో."

ఆ తట్టుడు ఆత్మలదని ఎవరో అన్నారు, ఊరంతా నమ్మింది. ఆ మూర్ఖత్వమే పదిమందిని చంపింది. ఆ గుంపుని తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది!

లికిస్కోస్


ఎలూసిస్,
చలిగాలి మొదలైంది

ఎవరో అన్నారా?

ఒరేయ్, ఎవరో కాదు. నువ్వే.

తట్టుడు వినబడి జనం తవ్వుకోలలు పట్టుకుని నిలబడ్డారు. ఎపిగెనెస్ "తవ్వితే మిగతా కొండా కూలుతుంది" అని గింజుకుంటున్నాడు. సగంమంది వినేలా లేరు. అప్పుడు నువ్వు రాళ్ళదిబ్బ ఎక్కావు. చంకలో చుట్ట. గొంతు పెంచి చదివావు. మట్టి పడని ఆత్మలు నది దాటలేక ఈ ఒడ్డునే తిరుగుతాయి, తలుపులు తడతాయి, అంత్యక్రియలు చేసేదాకా వదలవు అని. "వాళ్ళు తవ్వమనడం లేదు, సాగనంపమంటున్నారు!" అన్నావు. ఎంత బాగా చదివావో! ఆడవాళ్ళందరం ఏడ్చాం. ప్రేమతోనే ఏడ్చాం. మన వాళ్ళు బయట తిరుగుతూ అల్లాడుతున్నారు, త్వరగా దాటించాలి అని పరుగులు పెట్టి మరీ గొర్రెని తెచ్చాం. ఆ గొర్రె ఎపిగెనెస్ ఇచ్చిందే.

పిలుపు ముగిసింది. తట్టుడు ఆగింది. "చూశారా, దాటారు" అన్నావు నువ్వు.

ఇప్పుడు నా సంగతి. పిలిచే ముందు నేల మీద పడి ఏడ్చాను కదా, అప్పుడు నా చెవి రాతికి ఆనింది. మూడు, ఆగి, రెండు. మధ్యలో ఎవరో దగ్గారు. తమ్ముడూ, ఆత్మలకి దగ్గు వస్తుందా? నీ చుట్టలో ఉందా అది?

లేచాను. నా వంతు వచ్చింది. రెండుసార్లు పిలిచాను. మూడోసారి ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరికే పెదవులు కదిపాను. ఎవరూ గమనించలేదు. "ఆగండి, లోపల మనుషులున్నారు" అని అరవచ్చు. అరవలేదు. దుఃఖంతో మతి పోయిందంటారని భయపడ్డాను. అంత చిన్న భయం. దాన్ని ముసుగు కింద పెట్టుకుని ఇంత దూరం వచ్చాను. స్తంభాల సంగతి కూడా అందుకే చెప్పలేదు. ఒకటి చెబితే రెండోది బయటికి వస్తుంది.

రాత్రి పడుకుంటే దిండు కింద చెయ్యి పెట్టుకుంటాను, చెవి నేలకి తగలకుండా.

పది ఇళ్ళలో ఈ సంగతి చెప్పకు. వాళ్ళు తమ నోటితో తమ మనుషుల సుత్తులు ఆపేశారని తెలిస్తే ఎలా బతుకుతారు? నీకు దణ్ణం పెడతాను, చెప్పకు.

మెలిన్న


థోరికోస్,
ముసురు పట్టి ఆరో రోజు

అక్కా,

నీ పలక అందిన రోజు నుంచి అరుగు మీదికి పనికి పోలేదు.

నేనే. ఆ సంగతి నాకు తెలుసు. ఎవరో అని రాసేటప్పుడు కూడా తెలుసు. ఇంకోటి కూడా ఉంది, నీకు తెలియనిది. దిబ్బ దిగాక ఎపిగెనెస్ నా భుజం మీద చెయ్యేశాడు. "ఈ ఊళ్ళో చదువుకున్నవాడివి నువ్వొక్కడివే" అన్నాడు. మర్నాడు ఒక కొత్త చుట్ట పంపించాడు. ఎర్ర కర్రకి చుట్టింది, అంచులు నున్నగా. అది అక్షరం పొల్లు పోకుండా చదివాను అక్కా. పది మందిని నిద్రపుచ్చినందుకు కూలి అది. ఇప్పుడు ఆ భుజం మీద తువ్వాలు కూడా వేసుకోలేకపోతున్నాను.

మంత్రసాని బిట్టో దగ్గరికి వెళ్ళాను. ఆమె పొయ్యి ఊదుతూనే అంది, "చేస్తా నాయనా, భయం నాకు లేదు. చచ్చినవాళ్ళని బతికున్నవాళ్ళలోంచి తియ్యడం నా పనే. కానీ నా చేతులు బొడ్డు కొయ్యడానికే. ఒడి వేరే కావాలి. తోడబుట్టినదో, ఒకే పొయ్యి పంచుకున్నదో."

"మా అక్క ఉంది" అన్నాను.

"ఉందిలే. రొమ్ముకి తాకించినది తల్లి. తల్లయ్యాక పెళ్ళాం కాలేదు. ఈ జన్మకి ఒకే పక్క లేదు. ఆ సంగతి దానికి చెప్పే పిలుస్తున్నావా, నీ పుస్తకాలు చదివి పిలుస్తున్నావా?"

చెప్పే పిలుస్తున్నాను. బావకి తల్లి లేదు, తోబుట్టువులు లేరు. నువ్వు రాకపోతే నేను తప్పుపట్టను. ఆ హక్కు నాకు లేదు.

కానీ ఆలస్యం చేస్తే బావ ఉండడు. మాట తగ్గిపోయింది. మనకి వినబడనివాళ్ళకి జవాబులు చెబుతున్నాడు. నిన్న, "సోతాస్ అడుగుతున్నాడ్రా, మమ్మల్ని చూడ్డానికి ఎవరైనా దిగుతున్నారా అని" అన్నాడు. "అడిగాడు" అనలేదు. "అడుగుతున్నాడు" అన్నాడు. "నేను తిరిగి పోతా. అక్కడైతే నన్ను చూసి ఎవరూ పారిపోరు" అన్నాడు. వానలో నడిచి వెళ్ళాక బురదలో అడుగులు పడ్డాయో లేదో అని వంగి చూశాను. పడ్డాయి. చూసినందుకు సిగ్గేసింది.

పౌర్ణమి తర్వాత మూడో రోజున ఏథెన్స్‌లో హత్యల కచేరీ ఫిర్యాదులు తీసుకుంటుంది. అప్పటికి బావ పుట్టి ఉండాలి.

పాతాళంలో న్యాయం ఉందో లేదో నాకు ఇక తెలీదు. ఉందన్న నమ్మకమే నన్ను మూడు నెలలు ఊరుకోబెట్టింది. ఎపిగెనెస్‌కి అదే కావలసింది.

లికిస్కోస్


ఎలూసిస్,
ముసురు తెరిపిచ్చిన రోజు

తమ్ముడూ,

కట్టెల పడవ ఒకటి రేపు మీ వైపు వస్తోంది. అందులో వస్తున్నాను. పెద్దనాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి, "దాటావంటే నువ్వూ మాకు చచ్చినదానివే" అన్నాడు. "అయితే ఆ పిలుపేదో సరిగ్గా మూడుసార్లు పిలవండి" అన్నాను. పెద్దమ్మ లోపల ఏడుస్తూనే రొట్టెలు మూట కట్టింది.

తల్లినవుతాను. రెండు రోజులు ఆలోచించాను. ఆయన పక్కన పడుకోవడం నాకు ఇష్టం, నీకు రాయకూడని మాటే అయినా రాస్తున్నాను, ఎందుకంటే నేను ఏం వదులుకుని వస్తున్నానో ఒక్కరికైనా తెలియాలి. సమాధి పక్కన కూర్చుని రొట్టె తినే మొగుడికన్నా, ఎండలో నడుస్తూ నన్ను అమ్మా అని పిలిచే మనిషి మేలు. ఆ పిలుపు వినడానికి నాకు ఎన్నాళ్ళు పడుతుందో.

ముందు రాసింది కొట్టేస్తున్నాను. పది ఇళ్ళలోనూ చెప్పు. అంతా చెప్పు. నువ్వు చదివింది, నేను విన్నది, సుత్తులు ఎప్పుడు ఆగాయో అదీ. సంగతి తెలియని చేతులు కట్టిన పొత్తిగుడ్డల్లో ఆయన పుట్టకూడదు. తెలిసీ ఎవరూ రాకపోతే నేనూ బిట్టో ఇద్దరమే చేస్తాం.

మెలిన్న


థోరికోస్,
పౌర్ణమి

సోతాస్ ఇంటికి, మిగతా తొమ్మిది ఇళ్ళకి,
తల్లులకు, భార్యలకు, అక్కచెల్లెళ్ళకు

ఇది మీ గుమ్మం బయట నిలబడి నేనే చదువుతాను. లోపలికి రమ్మనకండి. విన్నాక రానివ్వరు కూడా.

స్తంభాలు కొట్టించి కొండని కూల్చింది ఎపిగెనెస్. మీ మనుషుల చేతుల్లోంచి సుత్తులు దింపించింది నేను. కొండ కూలిన రోజున వాళ్ళు చావలేదు. తొమ్మిదో రోజు దాకా పదకొండు మందీ బతికే తట్టారు. ఆ తట్టుడు ఆత్మలదని నేను చదివాను, మీరు నమ్మారు. మీరు పేర్లు పిలిచింది ప్రేమతో. వాళ్ళు విన్నారు. మీ గొంతులు గుర్తుపట్టారు. మీరు పంపేశారు కాబట్టి వెళ్ళాలనుకున్నారు. సోతాస్ దీపం ఊదేశాడు. మా అక్క మెలిన్నకి నేల కింద దగ్గు వినబడింది, ఆమె నోరు మెదపలేదు. దోర్కోన్ పేరు మాత్రం మూడోసారి పిలవలేకపోయింది. అందుకే అతనొక్కడూ పైకి పాకాడు. మీరు రాళ్ళు విసిరింది అతని మీదే.

నా మీద ఉమ్మండి, రాళ్ళేయండి, పరిగెత్తను. కింద ఎక్కడో చక్రం తిరుగుతుంటుందని, ఎవరో తీర్పు చెబుతారని ఇంకోసారి మీకు చదివి వినిపించను. కింద ఎవరూ ఏమీ అడగలేదట. అడగాల్సింది మనం. ఆజ్ఞ విన్న చెవులు ఈ కొండ మీద రెండే మిగిలాయి, ఆ రెండూ చచ్చినవాడివని ఊరు రాసుకుంది. అతను పుడితే ఎపిగెనెస్ కచేరీలో నిలబడతాడు. పుట్టకపోతే పదకొండోవాడూ నిజంగానే చస్తాడు, ఎపిగెనెస్ కొత్త బావి తవ్విస్తాడు, మీ కొడుకులు అందులో దిగుతారు.

మెలిన్న వచ్చింది. ఒడి ఆమెది, కత్తి బిట్టోది. నీళ్ళు, పొత్తిగుడ్డలు కావాలి. మీ పొయ్యి దగ్గరి కుండలోంచి చెంబుడు నీళ్ళు, మీ మనిషి చొక్కాలోంచి జానెడు గుడ్డ. పది ఇళ్ళ గుడ్డా పడితే ఊరిపెద్ద ఆ పుట్టుకని కాదనలేడు. చుట్టాక బిడ్డ ఏడవాలి, ఆ ఏడుపు మీరు వినాలి. అక్కణ్ణుంచి ఎవరం ఇళ్ళకి పోము. అతన్ని నడుమ పెట్టుకుని కొండదారిన ఏథెన్స్‌కి నడుస్తాం.

రేపు పొద్దున, ఎదుటి పొడుగు దీవి మీద సూర్యుడి అంచు కనబడే వేళకి, వాగు సముద్రంలో కలిసే చోటికి రండి.